ద్రాక్షగుత్తుల కవరు

రోహిణి కార్తె ఎండలో, మిట్టమధ్యాహ్నం, సుబేదారిలో కవర్లు కుట్టే షాపు అద్దానికే "గుడ్డ కవర్లు ప్రమాదకరం" అని ఎర్ర స్టిక్కర్ అంటించే మగాడికి ఎన్ని గుండెలుండాలి? నిజానికి అర్షద్‌కు ఉన్నది ఒక్కటే గుండె. ఆ షాపులో తబస్సుమ్ అనే అమ్మాయి ఉంటుందని అతనికి తెలియదు, అంతే.

స్టిక్కర్ సగం అంటుకుంది. మిగతా సగం అంటుకునేలోపే వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని చర్రున పీకింది.

"ఏంది సార్ ఇది? అద్దం మీ ఇంట్లదా?"

అర్షద్ వెనక్కి తిరిగాడు. ఆకుపచ్చ దుపట్టా, ఒక చేతిలో ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్కల పొట్లం, ఇంకో చేతిలో చిరిగిన స్టిక్కర్, మొహంలో ఎండ కంటే ఎక్కువ వేడి. అతను ఒక్క క్షణం చెప్పాల్సిన మాట మరిచిపోయాడు.

"మేడమ్, నేను చంద్రహాస్ ఇన్వర్టర్ల సర్వీస్ ఇంజినీర్ని. అర్షద్. మడికొండ ఆఫీస్ నుంచి. కంపెనీ ఆర్డర్ మేడమ్, కవర్లమ్మే ప్రతి షాపుల..."

"ప్రతి షాపా? ఈ చుట్టుపక్కల ఇన్వర్టర్లకు కవర్లు కుట్టేది మా అమ్మీ ఒక్కతే. సీదా మా మీదికే వచ్చిన్నని చెప్పుండ్రి. భయమెందుకు?"

తబస్సుమ్‌కు ఒళ్లు మండిపోయింది. మండదా మరి! వాళ్లమ్మ మెహరున్నీసా పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఇంటి ముందరి ఆ షాపులో కవర్లే కుడుతోంది. మన ఊళ్లో కొత్త వస్తువు కొంటే దానికి ముందు కవరు కొలత తీస్తారు, ఆ తర్వాతే స్విచ్ వేస్తారు. టీవీకి కవరు, ఫ్రిజ్‌కు కవరు, మిక్సీకి కవరు, చివరికి రిమోట్‌కు కూడా ప్లాస్టిక్ కవరు. కవరు లేని వస్తువును చూస్తే మన ఆడవాళ్లకు పిల్లాడు చొక్కా లేకుండా వీధిలో తిరుగుతున్నట్టు ఉంటుంది. అలాంటి ఊళ్లో మెహరున్నీసా కవరంటే ఒక పేరు.

ఆ పేరుకే ఇప్పుడు మసి అంటుకుంది. వెనక వీధిలో రిటైర్డ్ టీచర్ సుందర్ రావు ఇంట్లో ప్రార్థన కూటం జరుగుతుండగా, గోడకున్న చంద్రహాస్ స్లిమ్ ఇన్వర్టర్ గుప్పున పొగలు కక్కింది. ఎవరికీ ఏమీ కాలేదు కానీ గోడ నల్లబడింది, పరదా కాలింది. దాని మీదున్న కవరు మెహరున్నీసా కుట్టిందే. ప్రార్థన గదికి తగ్గట్టు ద్రాక్షగుత్తులు కావాలని మాస్టారి భార్య లిదియమ్మ అడిగి మరీ కుట్టించుకుంది. మరునాడు కంపెనీ మనిషి వచ్చి చూసి, "కవర్ వల్ల కాలింది" అని రిపోర్ట్ రాసి వెళ్లాడు. ఆ మాట సుబేదారి అంతా పాకింది. కొన్నవాళ్లు కవర్లు తెచ్చి మెట్ల మీద పడేసి పోతున్నారు.

"మాస్టారింటికి వచ్చి రిపోర్ట్ రాసింది ఎవలు?" అని అడిగింది తబస్సుమ్.

"నేనే."

"శాబాష్! దొరకబట్టుకోవాలనుకున్న మనిషి నడుచుకుంట వచ్చిండు."

"మేడమ్, కవర్ వేస్తే గాలి ఆడదు. గాలి ఆడకపోతే వేడెక్కుతది. సింపుల్."

"నేను పాలిటెక్నిక్‌ల ఎలక్ట్రానిక్స్ చెప్తాన. సింపుల్ నాకు చెప్పకుండ్రి. కవర్ లేనప్పుడు మీ డబ్బా సల్లగుంటదా?"

"ఉంటది."

"మీరు చూసిండ్రా?"

అర్షద్ స్టిక్కర్ల కట్టను చంకలోకి మార్చుకున్నాడు. "కంపెనీ టెస్ట్ చేసింది మేడమ్. ల్యాబ్‌ల."

"ఏసీ ల్యాబ్‌లనా?"

"ఆ... ఏసీనే."

"మాస్టారింట్ల ఏసీ లేదు. మా షాపుల లేదు. ఇన్వర్టర్ కొనేటోళ్ల ఇండ్లల్ల సగం మందికి లేదు. రోహిణి కార్తెల, వరంగల్‌ల, మీ డబ్బా ఎట్లుంటదో ఒక్కడన్న చూసిండా?"

రోడ్డు మీద చెరకురసం బండి దగ్గర నిలబడ్డవాళ్లు ఇటు తిరిగి చూస్తున్నారు. అర్షద్ చెమట తుడుచుకున్నాడు. తబస్సుమ్ వదల్లేదు.

"శనివారం మీ స్లిమ్ మోడల్ ఒకటి తెచ్చి మా గోడకు తగిలియ్యుండ్రి. కవర్ లేకుంట. మెయిన్ బంద్ చేసి, ఇండ్లల్ల నడిచే లోడే పెడదాం. అది నిమ్మలంగ నడిస్తే ఈ స్టిక్కర్ నా చేత్తోని నేనే అంటిస్తా. షట్టర్ మీద గూడ అంటిస్తా."

"నడవకపోతే?"

"రిపోర్ట్ మీరే మార్చాలె. మా అమ్మీకి తప్పయిందని చెప్పాలె. చెవుల కాదు, నలుగురికి ఇనపడేటట్టు."

అర్షద్ ఆమె మొహంలోకి చూశాడు. తప్పించుకోవడానికి దారి వెతికే చూపు కాదది. అది ఆమెకు నచ్చింది, నచ్చినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

"సరే మేడమ్. శనివారం వస్తా," అని బైక్ దగ్గరికి వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాడు. "ఒక మామిడికాయ ముక్క తీసుకోవచ్చా? పొద్దుగాల నుంచి ఎండల తిరుగుతాన."

"స్టిక్కర్లు అంటించేటోళ్లకు ఇయ్యం."

అతను నవ్వుతూ బైక్ స్టార్ట్ చేశాడు. తబస్సుమ్ చేతిలో "ప్రమాదకరం" అన్న సగం స్టిక్కర్ మిగిలింది. దాన్ని తీసుకెళ్లి గల్లాపెట్టె పక్కన చెక్కకు అంటించింది. శనివారం దాకా కళ్లముందు ఉండాలని.

లోపల మెహరున్నీసా కుట్టుమిషన్ పక్కన ఊరికే కూర్చుని ఉంది. మిషన్ మీద కవరు వేసి ఉంది. మాస్టారింట్లో పొగ వచ్చిన రోజు నుంచీ ఆమె ఆ కవరు తీయలేదు.

"ఎందుకు బిడ్డా లొల్లి? కంపెనీతోని మనకెందుకు?"

"లొల్లి మనం పెట్టుకున్నమా? మన ఇంటి మీదికొచ్చింది."

"నిజంగనే నా కవరుతోనే కాలిందేమో! ఆ ఇంట్ల మనుమరాండ్లు ఉన్నరు తబస్సుమ్. వాండ్లకేమన్న అయితే నేను బతుకుదునా?"

తబస్సుమ్ వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. అమ్మ బాధ బేరం పోయినందుకని ఇన్నాళ్లూ అనుకుంది. కాదు, తన చేతులంటే తనకే భయం పట్టుకుంది ఆమెకు.

డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన తబస్సుమ్ నాన్న ఇమాం పాషా గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఇదంతా విన్నాడు. ఆయన ఆర్టీసీలో కేసముద్రం బస్సు నడుపుతాడు. "అరే, నా బస్సుల ఇంజన్ బానెట్ మీద రోజూ ఎవలో ఒకలు తువ్వాల పరిచి కూసుంటరు. ఇంజన్ కాలితే తువ్వాల మీద కేసు పెడ్తరా? రానియ్యి శనివారం. నేను గూడ లీవ్ పెడ్తా."

"మీరెందుకు?" అంది మెహరున్నీసా.

"తమాషా చూడనీకి."

శనివారం అర్షద్ చెప్పినట్టే వచ్చాడు. చంకలో చంద్రహాస్ స్లిమ్, భుజాన పనిముట్ల సంచి, ఒంటికి అతుక్కుపోయిన టైట్ షర్టు.

"మీరు గూడ స్లిమ్ మోడలేనా? ఊపిరి ఆడుతాందా?" అంది తబస్సుమ్.

"మీ ముందట ఎవరికి ఆడుతది మేడమ్?"

ఇమాం పాషా గట్టిగా దగ్గాడు. అర్షద్ చప్పున గోడ వైపు తిరిగి మేకులు కొట్టడం మొదలుపెట్టాడు.

ఒప్పుకోవాలి, ఆ స్లిమ్ చూడ్డానికి అందంగానే ఉంది. ఫొటో ఫ్రేమంత పలచగా, బ్యాటరీ కూడా లోపలే ఇముడ్చుకుని, తెల్లగా, ముందు వైపు నీలం లైటులో కంపెనీ పేరు వెలుగుతూ. చప్పుడు లేదు. కంపెనీ ఇచ్చిన క్లిప్పులతోనే గోడకు తగిలించాడు. గోడకూ దానికీ మధ్య చిటికెనవేలు కూడా పట్టదు. మెయిన్ ఆపారు. ఫ్యాన్లు, లైట్లు, కుట్టుమిషన్ మోటారు, పక్కింటి ఫ్రిజ్ అన్నీ స్లిమ్ మీదకు వచ్చాయి.

అందరూ దాని చుట్టూ కూర్చున్నారు. మెహరున్నీసా నిమ్మకాయ షర్బత్ ఇచ్చింది. కోపమున్న ఇంటికైనా వచ్చినవాడికి నీళ్లివ్వకుండా ఉండటం ఆమెకు చేతకాదు. అర్షద్ మధ్యమధ్యలో లేచి వేడి కొలిచే గన్ పెట్టి చూస్తున్నాడు. మొదట్లో ధీమాగా చూశాడు. తర్వాత గన్ పాడైందేమోనని షర్బత్ గ్లాసు మీద పెట్టి చూశాడు. గన్ బాగానే ఉంది.

"చెయ్యి పెట్టి చూడుండ్రి," అంది తబస్సుమ్.

పెట్టాడు. చురుక్కున తీసేశాడు. అంతలో స్లిమ్ కుయ్యిమని అరిచి ఆరిపోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. షాపులో ఉక్కపోసింది. ప్లాస్టిక్ కాలిన వాసన సన్నగా వచ్చింది.

"కవర్ యాడుంది సార్?" అంది తబస్సుమ్.

"ఈ ఒక్క పీస్ ఫాల్టీ కావచ్చు..."

"ఇగో, ఇదే! గిట్లనే తప్పించుకుంటరు!" ఆమె గొంతు పెరిగింది. "మాస్టారింట్ల కాలితే కవర్ తప్పు. మా ఇంట్ల కాలితే పీస్ తప్పు. మీ కంపెనీ తప్పు ఎప్పుడన్న ఉంటదా?"

అర్షద్ సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. స్లిమ్ వెనక "తీస్తే వారంటీ వర్తించదు" అని రాసిన వెండి సీలు ఉంది. దాన్ని కంపెనీ మనిషైనా పైనుంచి పర్మిషన్ లేకుండా చింపకూడదు. అతను గోరుతో దాన్ని చింపేశాడు. నాలుగు స్క్రూలూ ఊడదీసి మూత తెరిచాడు.

ఇద్దరి తలలూ ఆ డబ్బా మీదకు వంగాయి. వేడిని బయటికి పంపాల్సిన అల్యూమినియం రెక్కలు గోడ వైపున్నాయి. గాలి పోవడానికి దారే లేదు. పాత మోడల్లో ఫ్యాన్ ఉండే చోట ఫ్యాన్ లేదు. అక్కడ కంపెనీ పేరును వెలిగించే నీలం లైటు ఉంది.

"ఫ్యాన్ తీసి పేరు పెట్టుకున్నరా?" అంది తబస్సుమ్ నమ్మలేక.

అర్షద్‌కు నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు. ఆమె కూడా పకపకా నవ్వేసింది. ఇద్దరూ నవ్వీ నవ్వీ ఒకరినొకరు చూసుకుని టక్కున ఆగిపోయారు. అప్పుడు తెలిసింది తలలు ఎంత దగ్గరగా ఉన్నాయో. తబస్సుమ్ దుపట్టా సర్దుకుని అవసరం లేకపోయినా స్క్రూలు ఏరడం మొదలుపెట్టింది.

"మరి రిపోర్ట్ ఎందుకట్ల రాసిండ్రు?" అంది తల ఎత్తకుండా. గొంతులో కోపం తగ్గింది.

అర్షద్ ఫోన్ తీసి కంపెనీ యాప్ చూపించాడు. "రిపోర్టంటే రాసేది కాదు మేడమ్. ఎందుకు కాలిందీ అని అడుగుతది. రెండే బటన్లు. ఒకటి కస్టమర్ తప్పు. రెండోది కరెంట్ తప్పు. డబ్బా తప్పని ఒత్తనీకి మూడో బటనే లేదు. కవర్ కనబడ్డది, మొదటిది ఒత్తిన." ఫోన్ జేబులో పెట్టి, "లోపల చూడకుంటనే ఒత్తిన. అది మాత్రం నా తప్పే," అన్నాడు.

మెహరున్నీసా లేచి నిలబడింది. "అది సల్లారినంక, మూత పెట్టి, నా కవర్ వేసి గూడ చూడుండ్రి. నా తప్పెంతో నాకు తెల్వాలె."

"వద్దమ్మీ," అంది తబస్సుమ్.

"నువ్వుండు."

కవర్ వేసి చూశారు. స్లిమ్ మునుపటి కంటే త్వరగానే ఆరిపోయింది. మెహరున్నీసా తలూపింది. "నాది గూడ కొంచెం ఉన్నది. గాలి వచ్చే దిక్కు మూసి కుట్టిన. అది నేను దిద్దుకుంట. మిగిలింది మీ కంపెనీ దిద్దుకోవాలె."

"దిద్దిస్తా ఖాలా. మాటిస్తాన," అన్నాడు అర్షద్, సొంత పిన్నిని పిలిచినట్టే. వెళ్తూ వెళ్తూ గల్లాపెట్టె పక్కనున్న సగం స్టిక్కర్ వైపు చూసి, ఆ తర్వాత తబస్సుమ్‌ను చూశాడు. ఆ చూపుకు ఆమెకు ఆ రాత్రి అన్నం సరిగ్గా సహించలేదు. ఎండలకు అలాగే ఉంటుందని వాళ్ల నాన్నతో చెప్పింది.

అర్షద్ మాటిచ్చి పోయిన తర్వాత ఒక ఫోన్ లేదు, మెసేజ్ లేదు. ఉన్నట్టుండి ఒకరోజు పొద్దున సుబేదారిలో అందరి ఫోన్లలోకీ చంద్రహాస్ కంపెనీ ప్రకటన వచ్చింది. "ఇలాంటి కవర్లతో జాగ్రత్త!" అని పెద్ద అక్షరాలు. కింద ఫొటో. కాలి నల్లబడిన ద్రాక్షగుత్తులు.

తబస్సుమ్ ఆ ఫొటోను గుర్తుపట్టింది. మాస్టారింట్లో ఆ ఫొటో తీసింది అర్షదే. రిపోర్ట్ కోసం తీశానని ఆ శనివారం తనే చెప్పాడు కూడా.

ఛీ, అనుకుంది. ఆ నవ్వు, ఆ సీలు చింపడం, ఆ ఖాలా అనే పిలుపు, అంతా నాటకమేనా? అమ్మ పరువు కంటే ఎక్కువగా ఇంకేదో కూడా మండుతోంది లోపల. దానికి ఏం పేరు పెట్టాలో ఆమెకు తెలుసు, పెట్టడానికి ఇష్టం లేదు.

సరిగ్గా అప్పుడే అతని మెసేజ్ వచ్చింది. "ఆదివారం హన్మకొండ ఫంక్షన్ హాల్‌ల మా కంపెనీ కస్టమర్ మీటింగ్. అమ్మీని తీసుకొని తప్పకుండ రాండ్రి."

"వస్తాన," అని కొట్టింది తబస్సుమ్. "మీ సంగతి చెప్పనీకే వస్తాన."

హాలు నిండా జనం. స్టేజీ వెనక గోడకు స్లిమ్ మోడల్ పూలదండతో వేలాడుతోంది. ఏరియా మేనేజర్ వెంకట్రాజం కోటు వేసుకుని మైకు ముందు నిలబడ్డాడు. స్టేజీ పక్కన యూనిఫామ్‌లో అర్షద్. తబస్సుమ్ అతని వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

"మా స్లిమ్‌లో ఎలాంటి లోపం లేదు," అంటున్నాడు వెంకట్రాజం. "కొంతమంది తెలియక గుడ్డ కవర్లు వేస్తున్నారు. ఇంకొంతమంది వాటిని కుట్టి అమ్ముతున్నారు. ప్రజల ప్రాణాలతో చెలగాటం ఆడుతున్నారు!"

మెహరున్నీసా బురఖా అంచును పిడికిట్లో బిగించింది. ముందు వరసలో సుందర్ రావు మాస్టారు తల దించుకున్నాడు. తబస్సుమ్ లేచి నిలబడింది. లేచేదాకా తాను లేస్తానని ఆమెకే తెలియదు.

"సార్, మీ మైకు దేని మీద నడుస్తాంది?"

వెంకట్రాజం కళ్లు చిట్లించాడు. "హాల్ కరెంట్ మీదమ్మా."

"మీ స్లిమ్ మీద గంత నమ్మకమున్నప్పుడు హాల్ కరెంట్ ఎందుకు? మెయిన్ బంద్ చేపియ్యుండ్రి. మీ మైకు, ఈ స్పీకర్లు, స్టేజీ మీది ఫ్యాన్లు, లైట్లు, అన్నీ దాని మీదనే నడిపియ్యుండ్రి. దాని మీద కవర్ లేదు, పూలదండే ఉన్నది. అది గూడ తీసేయుండ్రి."

హాలులో ఈలలు పడ్డాయి. "ఔను, నడిపియ్యుండ్రి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. వెంకట్రాజం నవ్వక తప్పలేదు. "తప్పకుండా! అర్షద్, మార్చు," అని, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి ఇంకేదో గొణిగాడు.

తబస్సుమ్ ముందుకొచ్చి స్టేజీ మెట్ల దగ్గరే నిలబడి ఉంది కాబట్టి ఆ గొణుగుడు విన్నది. "ఆ పెద్ద ఫ్యాన్ స్లిమ్ వైపు తిప్పు. చల్లగా ఉంచు దాన్ని."

అర్షద్ దండ తీశాడు, వైర్లు మార్చాడు. హాలు మెయిన్ ఆగింది. స్టేజీ లైట్లు స్లిమ్ మీద వెలిగాయి. ఆ తర్వాత అతను పెద్ద ఫ్యాన్ దగ్గరికి వెళ్లాడు. తబస్సుమ్ అతని చేతులనే చూస్తోంది. ఇప్పుడు తెలిసిపోతుంది ఈ మనిషి ఎవరో.

అర్షద్ ఫ్యాన్‌ను తిప్పాడు. స్లిమ్ వైపు కాదు. జనం వైపు, చెమటలు కక్కుతూ మూడో వరసలో కూర్చున్న మెహరున్నీసా వైపు. తిప్పి, దాని పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేనేజర్ కళ్లతోనే అరిచాడు. అర్షద్ పైకప్పు చూస్తూ నిలబడ్డాడు.

అమ్మ మేలిముసుగు ఆ గాలికి రెపరెపలాడుతుంటే తబస్సుమ్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని రోజులూ తిట్టుకున్న తిట్లన్నీ వెనక్కి తీసుకుంది.

వెంకట్రాజం ప్రసంగం మొదలుపెట్టాడు. నాణ్యత అన్నాడు, నమ్మకం అన్నాడు, కోటు విప్పాడు, చెమట తుడుచుకున్నాడు. "మా చంద్రహాస్ స్లిమ్ ఎంతటి ఎండలోనైనా..." అన్నాడో లేదో, కుయ్యిమంది. మైకు చచ్చింది. లైట్లు ఆరాయి. వెంకట్రాజం పెదవులు కదులుతున్నాయి కానీ మాట మాత్రం వినబడటం లేదు.

హాలంతా ఒకటే నవ్వు.

అర్షద్ స్టేజీ మధ్యకు వచ్చాడు. మైకు లేదు కాబట్టి గొంతెత్తాడు. "సుబేదారి సుందర్ రావు సార్ ఇంట్ల కాలినదాని మీద రిపోర్ట్ ఇచ్చింది నేనే. ఆ రిపోర్ట్ తప్పు. కాలింది కవర్ వల్ల కాదు, మన డబ్బా వల్ల. దాని లోపల వేడి పోనీకి దారి లేదు. నేను తెరిచి చూసిన. హెడ్డాఫీసుకు గూడ రాసి పంపిన, ఫొటో తీసేయుమని కొట్లాడిన, వాండ్లు ఇనలే. మెహరున్నీసా ఖాలా, నాది తప్పయింది. మాఫ్ చెయ్యుండ్రి."

నలుగురికీ వినబడేటట్టే చెప్పాడు. నాలుగు వందల మందికి వినబడింది.

"నీ ఉద్యోగం ఉంటదనుకుంటున్నావా?" అని పళ్లు కొరికాడు వెంకట్రాజం.

"ఉంటే రేపు పొద్దుగాల వస్తా సార్. లేకుంటే లేచి నమాజ్ చేసుకొని మళ్ల పంటా," అని మెడలోని ఐడీ కార్డు తీసి మైకు స్టాండుకు తగిలించాడు.

సుందర్ రావు మాస్టారు లేచి నిలబడ్డాడు. "మా గోడ నల్లబడ్డది. నేను ఎవలో రాసింది నమ్మి, చెల్లె అసొంటి మనిషిని అనుమానించిన. నా నోటితోనే నలుగురికి చెప్పిన. మెహరున్నీసా, నన్ను గూడ మాఫ్ చెయ్యమ్మా. లిదియ నీకు మొకం చూపియ్యలేక ఇంట్లనే కూసున్నది." తర్వాత ఆయన స్టేజీ వైపు తిరిగి గద్దించాడు, క్లాసులో గద్దించినట్టే. "మా ఇన్వర్టర్ మార్చి, ఆ ఫొటో తీసేసేదాంక నేనిక్కడి నుంచి కదల!"

"మాది గూడ కాలింది!" "మాది రోజూ ఆరిపోతాంది!" అంటూ హాలు హాలంతా లేచింది. మెహరున్నీసా మాత్రం కూర్చునే ఉంది. ఫ్యాన్ ఆగిపోయినా ఆమె మొహం చాలా రోజుల తర్వాత చల్లగా ఉంది.

మర్నాడు పొద్దున తబస్సుమ్ నిద్ర లేచింది కుట్టుమిషన్ చప్పుడుకు.

మృగశిర వానలు మొదలయ్యాయి. చంద్రహాస్ వాళ్లు ప్రకటన తీసేశారు, మాస్టారికి ఫ్యాన్ ఉన్న పాత మోడల్ ఇచ్చారు. అర్షద్‌కు మాత్రం ఉద్యోగం తిరిగి ఇవ్వలేదు. దాంతో అతను తన ఊరు కేసముద్రంలో సొంతంగా రిపేర్ షాపు తెరిచాడు. చిత్రమేమిటంటే, ఆ షాపుకు కావాల్సిన ప్రతి చిన్న వస్తువూ సుబేదారిలోనే దొరుకుతుందట.

ఆ సాయంత్రం కూడా అలాగే తడిసి ముద్దయి వచ్చాడు. చేతిలో పాలిథిన్ సంచి, అందులో ఒక పాత స్లిమ్. దానికి ఫ్యాన్ బిగించాడు, గోడకు దూరంగా ఉండేలా క్లిప్పులు మార్చాడు.

"ఖాలా, దీనికి ఒక కవర్ కావాలె. గాలి వచ్చే దిక్కు జాలీ పెట్టి."

మెహరున్నీసా టేపు తీసింది. ఇమాం పాషా పేపరు దించాడు. "కవర్ కోసమే వచ్చినవా?"

"కాదు."

"మరి?"

అర్షద్ ఒకసారి తబస్సుమ్‌ను చూసి, ఊపిరి తీసుకున్నాడు. "మీ అమ్మాయిని అడగనీకి వచ్చిన. మా అమ్మకు చెప్పిన. ఆమె సరే అన్నది."

ఇమాం పాషా చాలాసేపు మీసం నిమిరాడు. "మీ నాయిన రోజూ నా బస్సులనే వస్తడు. బానెట్ మీద తువ్వాల పరిచేది ఆయనే. ఆయన గూడ సరే అన్నడులే, నేను అప్పుడే అడిగిన."

"అబ్బా!" అని నాన్న మీద అరిచింది తబస్సుమ్.

"నువ్వేమన్న అనుకో బిడ్డా. కానీ ఇను అర్షద్. మా పిల్లకు వేడి జాస్తి. లోపల ఏదీ దాచుకోదు. నిలబడి అడుగుతది, ఎవల్నైనా అడుగుతది. ఓర్చుకుంటవా?"

"ఆమె అడగబట్టే నేను మనిషినైన మామూ. ఆమె మాట మీద ఎవలన్న కవర్ వేస్తే నేనే పీకుతా."

మెహరున్నీసా టేపుతోనే కళ్లు తుడుచుకుంది. ఇమాం పాషా పేపరు మళ్లీ ఎత్తుకున్నాడు, మొహం కనబడకుండా.

తబస్సుమ్ చేతులు కట్టుకుని నిలబడింది. "మా అమ్మీ సరే, మా అబ్బా సరే, మీ ఇంట్ల అందరు సరే. నన్నెవలు అడుగుతరు?"

"మిమ్మల్నే అడుగుతాన," అన్నాడు అర్షద్. "మా యాప్ లెక్క రెండే బటన్లు పెట్టి అడుగుతలేను. ఔనని, కాదని కాకుంట ఇంకేదన్న చెప్పాలనిపిస్తే అది గూడ చెప్పుండ్రి."

ఆమె గల్లాపెట్టె దగ్గరికి వెళ్లింది. చెక్క మీది సగం స్టిక్కర్‌ను గోటితో జాగ్రత్తగా ఊడదీసింది. జిగురు ఎండిపోయింది. అమ్మ గుండుసూదుల డబ్బాలోంచి ఒక సూది తీసి, ఆ ఎర్ర ముక్కను అర్షద్ చొక్కా జేబు మీద గుచ్చింది. "ప్రమాదకరం" అన్న మాట సరిగ్గా గుండె మీదకు వచ్చింది.

"ఇది తీయకుంట కేసముద్రం దాంక బస్సుల పోతరా? మీ ఊరంత చూస్తది."

"చూడనీ."

"ఎవలన్న అడిగితే ఏం చెప్తరు?"

"సుబేదారిల ఒకామె ఉన్నది, ఆమెతోని నిఖా అని చెప్తా."

తబస్సుమ్ నవ్వు ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు. కౌంటర్ మీదున్న మామిడికాయ ముక్కల పొట్లం అతని ముందుకు జరిపింది. "తినుండ్రి. ఆ రోజు ఇయ్యలే కదా."

అర్షద్ ఒక ముక్క తీసుకున్నాడు. బయట వాన దంచి కొడుతోంది. లోపల మెహరున్నీసా కొత్త గుడ్డ పరిచి, గాలి వచ్చే దిక్కు ఎటో అల్లుణ్ణి అడిగి, కత్తెర పట్టుకుంది.